దూరములోను ముదిమిలోను పెరుగు ప్రేమ

వాక్యభాగము: ఫిలిప్పీయులకు 1:3–11, 2:12, 25–30, 4:2, 10–18





నేటి దినములలో దూరదేశమునకో దూరపట్టణమునకో మనిషిని పంపని ఇల్లు మన పల్లెలలో అరుదు. కడప, గోదావరి ప్రాంతముల స్త్రీలు ఇంటిపనికై కువైత్ వెళ్లుచున్నారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతముల పురుషులు దుబాయి, మస్కట్ పట్టణములకు కూలికి పోవుచున్నారు. పాలమూరు వారు పిల్లలను వెంటబెట్టుకొని పని దొరికిన చోటికెల్ల తిరుగుచున్నారు. చదువుకొన్న బిడ్డలు హైదరాబాదులోను బెంగుళూరులోను స్థిరపడిరి. ఇంటివద్ద మిగిలినది వృద్ధులును పసివారును. ఆదివారమున మందిరములో కూర్చున్నవారిని ఒకమారు కలయజూచినయెడల ఈ సంగతి తెలిసిపోవును.

ఇట్టి ఇండ్లలో ఎవరును పైకి అడుగని ప్రశ్న ఒకటి ఉన్నది. వెళ్లినవాడు నన్ను మరచిపోవునా? ఏండ్లు గడిచిన కొలది మా మధ్యనున్న ప్రేమ తరుగునా, పెరుగునా? నేను ముసలిదాననై మంచము పట్టిన దినమున నన్ను తలచువారుందురా? భర్త పరదేశములో నుండగా పిల్లలను సాకుచున్న భార్యయు, కొడుకు కొరకు ఎదురుచూచుచున్న తండ్రియు రాత్రివేళ ఈ ప్రశ్నతోనే పండుకొనుచున్నారు.

దీనిని గూర్చి మన పెద్దలు రెండు మాటలు చెప్పుదురు. కంటికి దూరమైతే మనసుకు దూరమనునది ఒకటి. దూరపు కొండలు నునుపు అనునది మరియొకటి. దూరము ప్రేమను చంపునని మొదటి మాట. దూరము లేని అందమును కల్పించునని రెండవ మాట. రెండును మనము చూచుచున్నవే. పట్టణములోని కుమారుడు ఏడాదికొకసారి క్రిస్మసు పండుగకు చీర తెచ్చినయెడల తల్లి ఊరంతయు చెప్పుకొని మురియును. ప్రతి దినము గంజి కాచి చేతికందించు కోడలిలో మాత్రము తప్పులు వెదకును. ఇది కొడుకుమీద ప్రేమ పెరుగుట కాదు. దూరముననున్న వాని తప్పులు కంటికి కనబడకపోవుట మాత్రమే.

అయితే దేవుని వాక్యము మనకు మూడవ సంగతి చూపుచున్నది. ప్రభువు చెప్పిన విత్తువాని ఉపమానములో ఎండ అన్ని మొక్కలమీదను ఒకేరీతిగా కాసెను. వేరులేనిది మాడిపోయెను. వేరున్నది అదే ఎండలో కంకి వేసి పండెను. దూరమును, కాలమును, ముదిమియు ఆ ఎండవంటివి. అవి తమంతట తాము ప్రేమను పెంచవు, చంపవు. వేరున్నదో లేదో బయలుపరచును. ఆ వేరు ఏమిటో అపొస్తలుడైన పౌలు జీవితములో చూతము.

1. దూరము

పౌలు ఫిలిప్పీ పట్టణమునకు సుమారు క్రీ.శ. 50వ సంవత్సరమున వెళ్లెను. ఆ మొదటి పర్యాయము అక్కడ ఉండినది కొన్ని దినములే. ఊదారంగు సరకు అమ్ము లూదియ నదియొద్ద వాక్యము విని, తన ఇంటివారితో బాప్తిస్మము పొందెను. చెరసాల నాయకుడు అర్ధరాత్రివేళ విశ్వసించి, పౌలు సీలల దెబ్బలు కడిగి, తన ఇంట భోజనము పెట్టెను. తెల్లవారగానే అధికారులు వారిని పట్టణము విడిచి పొమ్మని బతిమాలుకొనిరి. అంతలోనే ఎడబాటు వచ్చెను. తరువాత పౌలు ఆ మార్గమున వెళ్లినను అక్కడ స్థిరముగా ఉండలేదు.

పది సంవత్సరములు గడిచెను. పౌలు రోమాలో బంధకములలో నుండి ఈ పత్రిక వ్రాసెనని సంఘము పూర్వమునుండి నమ్ముచున్నది. ఫిలిప్పీకిని రోమాకును మధ్య సుమారు 1,200 కిలోమీటర్లు. కాలినడకన పోయి, ఓడ ఎక్కి, మరల నడిచి చేరుటకు నెలకు పైగా పట్టెడిది. వారికి ఫోను లేదు. మనకున్నట్లు ఉత్తరములు చేరవేయు తపాలా లేదు. ప్రేమ తగ్గిపోవుటకు ఇంతకంటె ఏమి కావలెను? అయినను ఈ పత్రికను చదివి చూడుడి. పౌలు వ్రాసిన పత్రికలలో ఇంత సంతోషముతోను ఇంత మమకారముతోను నిండినది అరుదు. కొన్ని దినముల పరిచయము పది సంవత్సరములలో ఇంత పెద్ద చెట్టు ఎట్లాయెను?

మొదటి కారణము, పౌలు వారిని దేవునియెదుట తలచుచుండెను. తాను చేయు ప్రతి ప్రార్థనలో వారిని జ్ఞాపకము చేసికొనుచున్నానని పత్రిక ఆరంభములోనే చెప్పెను. పౌలు ప్రార్థన 'అందరిని దీవించుము' అని ముగించు ప్రార్థన కాదు. రోమీయులకు వ్రాసిన పత్రికయందలి 16వ అధ్యాయము చూడుడి. అప్పటికి పౌలు రోమాకు ఒక్కమారైనను వెళ్లలేదు. అయినను అక్కడనున్న 20 మందికి పైగా విశ్వాసులను పేరు పేరున వందనములు చెప్పెను. రూఫు తల్లి తనకును తల్లియని వ్రాసెను. పేరుపెట్టి ప్రార్థించువాడు మరువడు. మరువకుండుటకు మనసుకు గొప్ప బలమేమియు అక్కరలేదు. ప్రతి దినము మోకరించి ఆ పేరు పలికినయెడల చాలును.

రెండవ కారణము, ఫిలిప్పీయులు చేతితో ప్రేమించిరి. పౌలు థెస్సలొనీకలో ఉన్నప్పుడే ఒకటికంటె ఎక్కువ మారులు అతని అవసరమునకు పంపిరి. రోమాలో పౌలు అద్దె ఇంట కావలిలో నుండెను. ఆ కాలమున బంధకములలో నున్నవానికి స్నేహితులు తెచ్చి ఇచ్చినదే గొప్ప ఆధారము. ఈ సంగతి ఎరిగి, వారు ఎపఫ్రొదితు చేత కానుక పంపిరి. అతడు ఆ పని నిమిత్తము రోగియై చావుకు సిద్ధమాయెను. తాను రోగి యైన సంగతి ఇంటివద్దివారికి తెలిసినదని అతడు దుఃఖపడెనని పౌలు వ్రాసెను. ప్రియులారా, ఇది మనకు తెలియని ప్రేమ కాదు. కువైత్ లో జ్వరముతో పడియున్న బిడ్డ ఫోనులో తల్లితో 'బాగానే ఉన్నానమ్మా' అని చెప్పును. తల్లి ఇక్కడ మోకాళ్ల నొప్పితో లేవలేక 'నాకేమి, రాయివలె ఉన్నాను' అని చెప్పును. ఒకరి భారము ఒకరికి తగులకుండ ఇద్దరును దాచుకొందురు. ఆ దాచుటలో ప్రేమ ఉన్నది. అయినను ఎపఫ్రొదితు రోగమును దాచక పౌలు వారికి వ్రాసెను, అతని క్షేమమును వ్రాసెను, వారు చూచి సంతోషించునట్లు అతనినే తిరిగి పంపెను. తనకు తోడు అవసరమై యున్నను పంపెను. కష్టమును కూడ పంచుకొన్నప్పుడే ప్రేమ బలపడును.

మూడవ కారణము, పౌలు వారి మౌనమును తప్పు పట్టలేదు. నడుమ కొంతకాలము వారియొద్దనుండి ఏమియు రాలేదు. 'మరచిపోయిరి' అని తలచుటకు సందు ఉండెను. పౌలు అట్లు తలచలేదు. మీకు నా యందు శ్రద్ధ ఉండెను గాని తగిన సమయము దొరకలేదు అని తానే వారి పక్షమున కారణము చెప్పెను (4:10). వారి శ్రద్ధ తిరిగి కలిగినదని చెప్పుటకు అక్కడ వాడిన గ్రీకు మాట, మోడైన చెట్టు మరల చిగిర్చుటను సూచించు మాట. ఎండకాలములో వేపచెట్టు ఆకు రాల్చినప్పుడు ఎవడైనను చచ్చెనని గొడ్డలి పట్టునా? చిగురు కొరకు కనిపెట్టును. మన బిడ్డ రెండు వారములు ఫోను చేయనప్పుడు మన నోట మొదట వచ్చు మాట ఏది? 'కోడలు చెప్పిన మాట వినుచున్నాడు' అనియా? లేక 'పని ఒత్తిడిలో ఉన్నాడేమో, ప్రభువా కాపాడుము' అనియా? దూరమున ప్రేమను చంపునది దూరము కాదు, అనుమానము.

ఇంకొక సంగతి గమనింపుడి. వారి ప్రేమ తెలివితోను వివేచనతోను కూడినదై వృద్ధిపొందవలెనని పౌలు ప్రార్థించెను (1:9). అనగా కొండ నునుపుగా కనబడుట చాలదు. గరుకును ఎరిగి ప్రేమించవలెను. ఆ సంఘములో ఎవోదియ, సుంటుకే అను ఇద్దరు స్త్రీలు ఉండిరి. ఇద్దరును సువార్త పనిలో పౌలుతో ప్రయాసపడినవారు. ఒకే సంఘము, ఒకే ఆరాధన. అయినను ఏకమనస్సు లేదు. రోమాలోనున్న పౌలు వారికి దగ్గరగా ఉండెను. ఒకే కూటములో కూర్చున్న వారిద్దరు ఒకరికొకరు దూరముగా నుండిరి. పౌలు వారి పేర్లెత్తి, కలిసికొనుడని బతిమాలెను. కాబట్టి దూరమును కిలోమీటర్లతో కొలువకుడి. ఒకే గోడకు ఇరువైపుల కాపురముండి, పదేండ్లుగా మాటలు లేని అన్నదమ్ములు మన పల్లెలలో లేరా?

మన తెలుగు సంఘములును ఇట్టి దూరపు ప్రేమవలన కాపాడబడినవే. సామ్యుల్ డే దొరగారు 1840లో నెల్లూరులో సువార్త పని ఆరంభించెను. ఆరోగ్యము చెడి అమెరికాకు తిరిగి వెళ్లవలసివచ్చెను. ఫలము స్వల్పముగా నున్నందున ఈ పనిని విడిచిపెట్టుదమా అని అక్కడి మిషనువారు ఆలోచించిరి. ఆయన నెల్లూరును మనసులోనుండి విడువలేదు. 1849లో లైమన్ జూయెట్ దొరగారితో కూడ తిరిగి వచ్చెను. 1854 జనవరి 1వ తేదీన జూయెట్ దొరగారును, ఆయన భార్యయు, ఈ దేశపు విశ్వాసులు ముగ్గురును, మొత్తము అయిదుగురు, ఒంగోలు ప్రక్కనున్న కొండమీద మోకరించి, ఆ ఊరికి పనివానిని పంపుమని దేవుని అడిగిరి. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టినది 1866లో. మధ్య 12 సంవత్సరములు. ముఖములు ఎరుగని మనుష్యుల కొరకు అన్ని ఏండ్లు తరుగని ప్రేమకు నేటికిని ఆ కొండ సాక్షి.

2. కాలము

కాలము గాయమును మాన్పునని అందురు. పూర్తిగా నిజము కాదు. కడిగి కట్టు కట్టిన గాయమును కాలము మాన్పును. కడుగని గాయమును కాలము కుళ్లించును.

పౌలు మొదటి ప్రయాణములో మార్కు అను యోహాను పంఫూలియయొద్ద పనిని విడిచి వెళ్లిపోయెను. రెండవ ప్రయాణమునకు అతనిని మరల తీసికొని పోదమని బర్నబా కోరగా పౌలు ఒప్పుకొనలేదు. వారి వాదము తీవ్రమై ఇద్దరును వేరైరి. బర్నబా మార్కును వెంటబెట్టుకొని కుప్రకు పోయెను. పౌలు సీలను తీసికొని మరియొక దారిన వెళ్లెను (అపొ. 15:37–40). ఇద్దరు పరిశుద్ధుల మధ్య జరిగిన ఈ గొడవను పరిశుద్ధ గ్రంథము దాచలేదు.

పది, పన్నెండు సంవత్సరముల తరువాత పౌలు కొలొస్సయులకు వ్రాయుచు, మార్కు మీయొద్దకు వచ్చినయెడల చేర్చుకొనుడని చెప్పెను (4:10). ఇంకను కొంత కాలమునకు, తన చివరి పత్రికలో, మార్కును వెంటబెట్టుకొని రమ్మనియు, అతడు పరిచర్యకు తనకు ప్రయోజనకరమైనవాడనియు తిమోతికి వ్రాసెను (2 తిమోతి 4:11). ఒకనాడు పనికిరాడని త్రోసివేసినవానినే, మరణము ఎదుట కనబడుచున్న దినమున రమ్మని పిలిచెను. నడుమ ఏమి జరిగెనో వ్రాయబడలేదు. కాని రెండు సంగతులు తెలియుచున్నవి. మార్కు పడిన చోటనే ఉండక లేచి పనిలో నిలిచెను. పౌలు తాను ఒకప్పుడు చెప్పిన తీర్పును చివరి తీర్పుగా పట్టుకొని కూర్చుండలేదు.

మన ఇండ్లలో పాత మాట ఒకటి పట్టుకొని జీవితమంతయు గడుపువారు ఉన్నారు. పెండ్లిలో పిలుపు సరిగా లేదనియు, పొలము గట్టు ఒక మూర జరిపెననియు, తండ్రి చనిపోయినపుడు ఖర్చు పంచుకొనలేదనియు, ఇరువది ఏండ్లు గడిచినను ఆ మాటనే నిన్న జరిగినట్లు చెప్పుదురు. ఆ ఇరువది ఏండ్లలో తమ్ముని తల నెరసెను, వాని బిడ్డలకు బిడ్డలు పుట్టిరి. మన మనసులో మాత్రము వాడు ఆనాటి గట్టుమీదనే నిలిచియున్నాడు. మార్కు మారినట్లు మీ మార్కు కూడ మారియుండునేమో ఒకమారు పోయి చూడుడి. ఎవరో ఒకరు వానికి చోటియ్యవలెను. ఆ దినములలో బర్నబా ఇచ్చెను.

3. ముదిమి

ఫిలేమోనుకు వ్రాయుచు పౌలు తన్నుతాను వృద్ధుడనని చెప్పుకొనెను. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివర చదివినయెడల ఆ వృద్ధుని గది మన కన్నులకు కనబడును. చలికాలము వచ్చుచున్నది. అంగీ త్రోయలో కర్పునొద్ద ఉండిపోయెను. దేమా విడిచి వెళ్లెను. కొందరు పనిమీద దూరము పోయిరి. లూకా ఒక్కడే దగ్గర ఉన్నాడు. మొదట విచారణ జరిగినపుడు ఎవరును తోడు నిలువలేదు. అంగీ తెమ్మని, పుస్తకములు తెమ్మని, చలికాలమునకు ముందే రమ్మని తిమోతిని బతిమాలుచున్నాడు. పెద్ద పెద్ద పట్టణములలో సంఘములు స్థాపించిన మహాపురుషుడు చివరకు అడిగినది ఒక దుప్పటివంటి వస్త్రము, కొన్ని గ్రంథములు, ఇద్దరు మనుష్యుల ముఖములు.

ముదిమి అందరిని మెత్తపరచదు. కొందరిని చేదు చేయును. చిన్ననాట చేసిన ఉపకారములు, తిరిగి రాని అప్పులు, మరచిన బిడ్డలు, వీటినే లెక్కపెట్టుకొనుచు మంచముమీద కూర్చున్నవారిని మనమెరుగుదుము. వారి నొప్పి అబద్ధము కాదు. పౌలుకును అట్టి లెక్క ఉండెను. అందరును తన్ను విడిచిరని ఉన్నది ఉన్నట్లుగా వ్రాసెను. అయితే వెంటనే, అది వారిమీద నేరముగా ఎంచబడకుండవలెనని కోరెను, ప్రభువు తన ప్రక్కన నిలిచెనని చెప్పెను (4:16–17). లెక్కను దేవుని చేతికి అప్పగించినందున ఆయన హృదయములో ప్రేమకు చోటు మిగిలెను. యౌవనములో మన చేతులు పనితో నిండియుండును, ప్రేమకు తీరిక ఉండదు. ముదిమిలో చేతులు ఖాళీ యగును. ఆ ఖాళీని నిష్ఠూరముతో నింపుకొనుటయో, మనుష్యుల పేర్లతో నింపుకొనుటయో మన యిష్టము. లేవలేని వృద్ధురాలు మంచముమీద నుండి పది పేర్లు దేవునికి చెప్పగలదు. అది సంఘములో చిన్న పని కాదు.

మరియు యౌవనస్థులారా, పౌలు 'త్వరగా రమ్ము' అని వ్రాసెను. చలికాలము దాటిన పిమ్మట అంగీ తెచ్చి ఏమి లాభము? తల్లిదండ్రులకు మీరు ఫోనులో పంపు డబ్బు అవసరమే. ఫిలిప్పీయులు కూడ పంపిరి. కాని వారు డబ్బుతో పాటు ఎపఫ్రొదితు అను మనిషిని పంపిరి. సమాధికి పాలరాయి వేయించుటకు రెండు దినములు సెలవు పెట్టువారు, కండ్లు తెరచియుండగా ఒక దినము వచ్చి ప్రక్కన కూర్చున్నయెడల ఎంత మేలు! సంఘ పెద్దలారా, మందిరమునకు రాలేక ఇంట ఉండిపోయిన వృద్ధుల పేర్లు మీ పుస్తకములో చందా లెక్కకు మాత్రమే ఉన్నవా? ఈ నెలలో వారి ఇండ్లకు పోయి, ఒక కీర్తన పాడి, ప్రార్థించి రండి.

ప్రియులారా, ఈ సంగతి అంతటికి మూలము ఒకటి ఉన్నది. దూరమును తాళుకొను ప్రేమ మనకు క్రొత్త కాదు. క్రైస్తవ సంఘము పుట్టినది మొదలు కంటికి కనబడని ప్రభువును ప్రేమించుచునే యున్నది. ఆయనను చూడక ప్రేమించువారని పేతురు మనలను గూర్చియే వ్రాసెను (1 పేతురు 1:8). ప్రభువు బల్లయొద్ద రొట్టెయు పాత్రయు తీసికొన్నప్పుడెల్ల, ఆయన మరల వచ్చు పర్యంతము ఆయనను జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఆయన తనవారిని అంతము వరకు ప్రేమించెను. ఆయన మన మౌనమునకు విసుగలేదు, మన పాత తీర్పులను మనమీద నిలుపలేదు, మన తల నెరసినను మనలను ఎత్తుకొనెదనని ప్రవక్తచేత సెలవిచ్చెను (యెషయా 46:4). వేరు అక్కడ ఉన్నది. ఆ వేరు గల ఇంటిమీద ఎంత ఎండ కాసినను పంట తప్పదు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో దూరముననున్న మీవారిలో ఒక్కొక్కరి పేరు పలుకుడి. ఈ వారములో, ఎవరితో మాటలు లేవో వారి ఇంటి గడప త్రొక్కుడి. ఈ నెల ముగియకముందే, చలిలో అంగీ కొరకు ఎదురుచూచుచున్న ఒక వృద్ధుని యొద్దకు పోవుడి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, దూరదేశములలో కష్టపడుచున్న మా బిడ్డలను నీ చేతికి అప్పగించుచున్నాము. వారికొరకు ఎదురుచూచువారికి ఓర్పునిమ్ము. మాటలు ఆగిపోయిన అన్నదమ్ములను కలుపుము. మా వృద్ధుల ప్రక్కన నీవు నిలిచియుండుము, మమ్మును నిలువనిమ్ము. మా ప్రేమ ఎండకు మాడక నీయందు వేరుపారి ఫలించునట్లు చేయుమని మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.